అటు స్మార్టీస్ చాక్లెట్, ఇటు స్మార్టీస్ చక్కెర బిళ్ళ: అమెరికా, కెనడా చిరుతిళ్ళ తగాదా

పుల్లట్టు, బఫెలో
మార్చి 6, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే, కానీ మా ఇంట్లో రెండు రోజులు యుద్ధం నడిచింది కాబట్టి రాస్తున్నాను.

మేము బఫెలోలో ఉంటాం, మా అక్క వాళ్ళు మిస్సిసాగాలో. మధ్యలో నయాగరా నది మీద ఒక వంతెన, పాస్‌పోర్టులు చూసే ఒక కిటికీ. మొత్తం కలిపి విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్ళినంత దూరం. పోయిన వారం వాళ్ళు బయలుదేరుతూ, మా అమ్మాయికి స్మార్టీస్ తెస్తున్నామని ఫోనులో చెప్పారు. దానికి ఏడేళ్ళు. పెద్దగా సంబరపడలేదు. హాలోవీన్‌కు వచ్చినవి ఇంకా డబ్బా అడుగున పడి ఉన్నాయి మరి.

మా అక్క కొడుకు పెట్టె తెరిచి అరచేతిలో పోశాడు. రంగురంగుల చాక్లెట్ బొత్తాలు. "ఇవి స్మార్టీస్ కావు" అంది ఇది. "పెట్టె మీద చదువుకో" అన్నాడు వాడు. ఇది లోపలికి పరుగెత్తి తన డబ్బా తెచ్చింది. రెండు చివరలా మెలిపెట్టిన పల్చటి కాగితంలో వరసగా పేర్చిన పుల్లటి చక్కెర బిళ్ళలు. చూడ్డానికి జ్వరం మాత్రల్లా ఉంటాయే, అవి. వాటి మీదా స్మార్టీస్ అనే ఉంది. వాడు చూసి "ఇవి రాకెట్స్! మా ఊళ్ళో వీటిని రాకెట్స్ అంటారు!" అని అరిచాడు. ఎదుటివాళ్ళు అబద్ధం చెబుతున్నారని ఇద్దరూ ఏడ్చారు. ఏడుస్తూనే రెండు రకాలూ తిన్నారు, అది వేరే సంగతి.

ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవులకు మేము అటు వెళుతున్నాం. ఇలాంటి తేడాలు ఇంకేమున్నాయో చెప్పండి. ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్ళాలి, అక్కడి నుంచి ఏం తెచ్చుకోవాలి?

వంకర జంతిక, బ్రాంప్టన్
మార్చి 6, రాత్రి 9:50

మీ అక్కగారి అబ్బాయిదే న్యాయం. స్మార్టీస్ అంటే చాక్లెటే. మీరు తింటున్నది రంగు వేసిన చక్కెర.

తెచ్చుకోవలసినవి రాసుకోండి: కాఫీ క్రిస్ప్, ఏరో, కారామిల్క్, మిస్టర్ బిగ్ చాక్లెట్లు, కెచప్ చిప్స్, హాకిన్స్ చీజీస్ అనే చీజ్ చిరుతిండి. అటు నుంచి మాకు పట్టుకొచ్చేదేమీ లేదు. మీరు వస్తే చాలు.

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ
మార్చి 6, రాత్రి 11:32

జంతిక గారూ, తీర్పు అంత తొందరగా ఇవ్వకండి. పిల్లలిద్దరూ నిజమే చెప్పారు.

చాక్లెట్ స్మార్టీస్ ఇంగ్లండులో రౌన్‌ట్రీ అనే కంపెనీ 1937లో మొదలుపెట్టింది. ఆ కంపెనీని నెస్లే 1988లో కొనేసింది కాబట్టి కెనడాలో దొరికే పెట్టె మీద ఇప్పుడు నెస్లే పేరు ఉంటుంది. అమెరికాలో మాత్రం ఆ పేరు మా న్యూజెర్సీలో 1949లో పుట్టిన ఒక కుటుంబ వ్యాపారం చేతిలో ఉంది. చక్కెర బిళ్ళలు వాళ్ళవే. వాళ్ళు ఆ బిళ్ళల్నే సరిహద్దు దాటించి అమ్మాలంటే, అక్కడ పేరు అప్పటికే వేరేవాళ్ళది. అందుకే రాకెట్స్ అన్నారు. ఇంకో తమాషా ఏమిటంటే వాళ్ళకు ఒంటారియోలోని న్యూమార్కెట్‌లో కూడా ఫ్యాక్టరీ ఉంది. అంటే అమెరికా స్మార్టీస్ కెనడాలోనూ తయారవుతాయి, కానీ కెనడాలో వాటిని స్మార్టీస్ అనడానికి లేదు.

మా వీధిలో ఒకే ఇంటిపేరుతో రెండు కుటుంబాలు ఉండేవి. పోస్టుమాన్ ఎప్పుడూ తప్పు ఇంట్లోనే ఉత్తరం వేసేవాడు. అలాంటిదే ఇది.

మిర్చిబజ్జీ, డాలస్
మార్చి 7, ఉదయం 8:05

రెండూ చక్కెరే కదా, ఇంత చర్చ ఎందుకు? ఇక కిట్‌క్యాట్ కూడా వేరే అంటారేమో.

వంకర జంతిక, బ్రాంప్టన్
మార్చి 7, ఉదయం 8:21

వేరే. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

మా తమ్ముడు డెట్రాయిట్‌లో ఉంటాడు. దీపావళికి వస్తూ అక్కడి కిట్‌క్యాట్ తెచ్చాడు. ఇక్కడిదొకటి తెచ్చి, రెంటి కాగితాలూ తీసేసి, తెల్ల పళ్ళెంలో పక్కపక్కన పెట్టాం. రంగులో కొంచెం తేడా, అమెరికాది కాస్త ముదురు. విరిస్తే రెండూ ఒకేలా టప్పుమన్నాయి. తేడా అంతా వాసనలో ఉంది. ఇక్కడిది పాల వాసన. అక్కడిది ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎక్కడో లోపల పులుపు తగిలింది, రెండు రోజులు బయట ఉంచిన వెన్నలా. కళ్ళు మూసుకుని తిన్న నలుగురిలో ముగ్గురు ఏది ఏదో సరిగ్గా చెప్పారు. నాలుగో ఆయన మా మామగారు. ఆయనకు రెండూ బిస్కెట్లే, టీ ఏదని అడిగారు.

ఇదంతా ఎందుకంటే చట్టం. పాల చాక్లెట్ అని పేరు పెట్టాలంటే కెనడాలో కోకో 25 శాతం ఉండాలి, అమెరికాలో 10 శాతం చాలు. ఇక వాదన లేదు.

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ
మార్చి 7, మధ్యాహ్నం 12:40

వాదన ఉంది. అంకెలు రెండూ నిజమే, కానీ అవి కొలిచేది ఒకే వస్తువును కాదు. కెనడా 25 శాతంలో కోకో వెన్నతో సహా కోకో నుంచి వచ్చిన ఘనపదార్థం మొత్తం లెక్కలోకి వస్తుంది. అమెరికా 10 శాతం కోకో గింజను నూరిన ముద్దకు మాత్రమే. విడిగా కలిపే కోకో వెన్న అందులో చేరదు. ఒకరు బియ్యం తూకం చెబుతుంటే ఇంకొకరు అన్నం తూకం చెబుతున్నట్టు. కెనడా నియమం గట్టిదన్నమాట ఒప్పుకుంటాను, రెండున్నర రెట్లు అనడం మాత్రం ఒప్పుకోను.

రుచిలో తేడాకు అసలు కారణం ఎవరు చేస్తున్నారన్నది. అమెరికాలో కిట్‌క్యాట్ చేసేది నెస్లే కాదు, హెర్షీ. రౌన్‌ట్రీ ఉన్న రోజుల్లో, 1970 ప్రాంతంలో, హెర్షీకి ఆ హక్కు ఇచ్చారు. నెస్లే 1988లో రౌన్‌ట్రీని కొన్నా ఆ ఒప్పందాన్ని కదిలించలేకపోయింది. అదే 1988లో క్యాడ్‌బరీ వాళ్ళ అమెరికా చాక్లెట్ వ్యాపారాన్ని కూడా హెర్షీ తీసుకుంది. అందుకే అమెరికాలో డెయిరీ మిల్క్ కొన్నా తయారీ హెర్షీదే.

మీకు తగిలిన ఆ పులుపు బ్యూటిరిక్ ఆమ్లం అంటారు. పాలలోని కొవ్వు కాస్త విరిగినప్పుడు పుట్టేది. ఆ ఆమ్లానికి పేరు వచ్చిందే వెన్న అనే మాట నుంచి, కాబట్టి మీ ముక్కు సరిగ్గానే పట్టింది. అమెరికాలో పెరిగినవాళ్ళకు చాక్లెట్ అంటే ఆ రుచే. అది లేకపోతే చప్పగా ఉందంటారు.

అటుకుల పోపు, ఎడిసన్
మార్చి 7, రాత్రి 10:03

డెయిరీ మిల్క్ మాట వచ్చింది కాబట్టి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినందుకు మా నాన్న కొనిపెట్టిన డెయిరీ మిల్క్ రుచి నాకు ఇంకా నాలుక మీద ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో అదే ఊదారంగు కాగితం చూసి ఆత్రంగా కొన్నాను. ఒక ముక్క తిని మిగతాది మావారికి ఇచ్చేశాను. పాడైపోయిందనుకుని దుకాణానికి తిరిగి తీసుకెళ్ళబోయాను కూడా. తరవాత టొరంటోలో మా వదిన ఇంట్లో తిన్నది నాన్న కొన్నదానికి దగ్గరగా ఉంది, అచ్చంగా అదే కాదు.

పుల్లట్టు గారూ, మీకొక ముఖ్యమైన హెచ్చరిక. కిండర్ సర్‌ప్రైజ్ గుడ్లు తెచ్చుకోకండి. ఆ గుడ్లు కెనడాలో ప్రతి దుకాణంలోనూ ఉంటాయి. చాక్లెట్ గుడ్డు, లోపల పసుపుపచ్చ డబ్బీ, దానిలో బొమ్మ. మా వదిన మా పిల్లలకని ఆరు ఇచ్చింది. సరిహద్దు దగ్గర సంచిలో ఏమున్నాయని అడిగితే మా చిన్నవాడు గొప్పగా చెప్పేశాడు. అధికారి మర్యాదగానే మాట్లాడాడు, కానీ ఆరూ తీసేసుకున్నాడు. అక్కడి నుంచి ఎడిసన్ దాకా వెనక సీట్లో ఏడుపు. అసలు ఎందుకు ఒప్పుకోరో నాకు అర్థం కాదు. ఇండియాలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కనే కిండర్ జాయ్ పెట్టి అమ్ముతారు కదా!

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ
మార్చి 7, రాత్రి 10:45

కిండర్ జాయ్ అమెరికాలోనూ దొరుకుతుందండీ, 2017 చివర్లో వచ్చింది. రెండూ ఫెరేరో కంపెనీవే, కానీ కట్టుబడి వేరు. కిండర్ జాయ్‌లో గుడ్డు రెండు చిప్పలుగా విడిపోతుంది. ఒక చిప్పలో క్రీము, ఇంకో చిప్పలో బొమ్మ. దేని మూత దానిదే. సర్‌ప్రైజ్‌లో బొమ్మ తినే వస్తువు కడుపులోనే ఉంటుంది. మిఠాయి లోపల తినకూడని వస్తువును పొదిగి అమ్మకూడదని అమెరికాలో 1938 నాటి ఆహార చట్టం చెబుతోంది. సర్‌ప్రైజ్ గుడ్డు పుట్టింది 1974లో. గుడ్డు కంటే చట్టం ముందు.

మిర్చిబజ్జీ, డాలస్
మార్చి 7, రాత్రి 11:10

తుపాకీ కొనుక్కోవచ్చు, చాక్లెట్ గుడ్డు కొనుక్కోకూడదు. మా రాష్ట్రం గురించి నేను ఇంతకు మించి ఏమీ అనను.

నిర్వాహకుడు
మార్చి 8, ఉదయం 7:30

గుడ్లను ఎక్కడ దాచి తేవచ్చో వివరించిన ఒక సందేశాన్ని తొలగించాను. రాసినవారు ఎవరో వారికి తెలుసు. తుపాకుల చర్చ కూడా ఇక్కడితో ఆపండి. చిరుతిళ్ళ గురించి మాత్రమే.

కాకినాడ కాజా, ప్రస్తుతం బ్రాంప్టన్
మార్చి 8, ఉదయం 10:15

నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. మీ చర్చ రోజూ చదువుతున్నాను. నాది 68 ఏళ్ళ నాలుక, దాని అనుభవం కూడా వినండి.

వచ్చిన రెండో రోజు మా మనవడు ఎర్రటి సంచి తెచ్చి "తాతయ్యా, కెచప్ చిప్స్" అని పెట్టాడు. లోపల ఉప్మాలో టొమాటో ఎక్కువైనంత ఎరుపు. గుంటూరు కారం పట్టించినట్టు ఉన్నాయి కదా అని నాలుగు ఒకేసారి నోట్లో వేసుకున్నాను. ముందు వెనిగర్ పులుపు ముక్కుకెక్కింది. ఆ వెంటనే తీపి. ఆ తరవాత ఉప్పు. నేను కారం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది రాలేదు. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు అయింది నా పని. వేళ్ళు చూసుకుంటే పెళ్ళికూతురి పారాణిలా ఎర్రగా ఉన్నాయి. రెండుసార్లు సబ్బుతో కడిగితే గాని పోలేదు.

మొదటి సంచి నాకు నచ్చలేదు. రెండోది మామూలుగా అనిపించింది. ఇప్పుడు ఐదో సంచి నడుస్తోంది. మా కోడలికి చెప్పకండి, రక్తపోటు ఉంది నాకు.

పుల్లట్టు, బఫెలో
మార్చి 8, ఉదయం 10:52

బాబాయి గారూ, చదువుతూ పగలబడి నవ్వాను. ఇది అమెరికాలో అసలు దొరకదా? ఇండియాలో టొమాటో రుచి లేస్ ఉండేవి కదా, అలాంటివేనా?

వంకర జంతిక, బ్రాంప్టన్
మార్చి 8, ఉదయం 11:20

దానికీ దీనికీ పోలికే లేదు. ఇండియా టొమాటో చిప్స్‌లో మసాలా తగులుతుంది. ఇందులో వెనిగరే రాజు. ఇక్కడ హోస్టెస్ అనే కంపెనీ 1970లలో మొదలుపెట్టింది. అదే కంపెనీ అప్పట్లో ద్రాక్ష, నారింజ, చెర్రీ రుచుల చిప్స్ కూడా చేసి చూసింది. అవి పోయాయి, కెచప్ నిలిచింది. అమెరికాలో అరుదుగా దొరుకుతుంది. ఇక్కడ మాత్రం ఏ పెట్రోలు బంకులో చూసినా ఉంటుంది.

హాకిన్స్ చీజీస్ కూడా తప్పక తెచ్చుకోండి. ఒంటారియోలోని బెల్‌విల్ ఊళ్ళో చేస్తారు. అమెరికా చీటోస్ గాలి నింపినట్టు నోట్లో కరిగిపోతాయి. ఇవి గట్టిగా, గుబ్బలు గుబ్బలుగా, ఒక్కటి కూడా ఇంకొకదానిలా ఉండదు. గిద్దల్లోంచి వత్తడం చేతకాని కొత్త కోడలు చేసిన జంతికల్లా ఉంటాయి. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

అటుకుల పోపు, ఎడిసన్
మార్చి 8, మధ్యాహ్నం 2:08

శాకాహారులు ఉంటే ఒక మాట. మన దగ్గర ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క చూసి కళ్ళు మూసుకుని కొంటాం. ఆ సుఖం రెండు దేశాల్లోనూ లేదు. జెల్లీ మిఠాయిలు, మార్ష్‌మాలోలలో జెలటిన్ ఉంటుంది, జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. చీజ్ ఉన్నవాటిలో రెన్నెట్ సంగతి చూసుకోవాలి, అది పాలు విరగడానికి వేసేది, దూడ కడుపు నుంచి తీసింది కావచ్చు. పదార్థాల జాబితా చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు వెంట పెట్టుకోండి.

చలిచీమ, మాంట్రియల్
మార్చి 8, సాయంత్రం 6:33

అక్కా, ఇక్కడ అదే జాబితా రెండుసార్లు చదువుకోవచ్చు, ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి. కెనడాలో ప్యాకెట్ల మీద రెండు భాషలూ ఉండాలని చట్టం. నేను చదువుకోవడానికి వచ్చి రెండేళ్ళయింది, నాకు వచ్చిన ఫ్రెంచిలో సగం చిప్స్ ప్యాకెట్ల దయ. చిప్స్‌ను క్రుస్తీయ్ అంటారు, వేరుశనగలను అరాషీద్ అంటారు. తరగతిలో మా అధ్యాపకురాలు ఒక కొత్త మాటకు అర్థం అడిగితే నేనొక్కడినే చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "రాత్రి రెండింటికి, వంటగదిలో" అన్నాను.

ఇంకొకటి, ఆల్ డ్రెస్డ్ చిప్స్ సంగతి ఎవరూ చెప్పలేదేమిటి? పుట్టిల్లు మా క్యూబెక్. ఇక్కడ పిజ్జా మీద అన్నీ వేయమనడానికి వాడే మాటే ఆ పేరు. వెనిగర్, కెచప్, బార్బెక్యూ, ఉల్లి, పెరుగు లాంటి పులుపు, అన్నీ ఒకే ముక్క మీద. ముంత మసాలా కలిపేవాడు డబ్బాలన్నీ ఒక్కొక్క చెంచా చొప్పున వేసేస్తాడే, ఆ పద్ధతి. 2015 తరవాత రఫుల్స్ వాళ్ళు అమెరికాలో కూడా తెచ్చారు కాబట్టి పుల్లట్టు గారు మోయనక్కరలేదు.

మిర్చిబజ్జీ, డాలస్
మార్చి 9, ఉదయం 9:00

ఇప్పటిదాకా ఎవరూ అమెరికా తరఫున మాట్లాడలేదు. రీసెస్ వేరుశనగ ముద్ద కప్పులు ఎవరివి? పెన్సిల్వేనియావి. గర్ల్ స్కౌట్స్ ఇంటింటికీ తిరిగి అమ్మే బిస్కెట్లలో ఎన్ని రకాలు! పుదీనావి, కొబ్బరి పాకంవి, వేరుశనగవి. కెనడాలో గర్ల్ గైడ్స్ పిల్లలు వసంతంలో చాక్లెట్, వెనిల్లా, శరత్తులో పుదీనా. అంతే, అయిపోయింది. కారం కావాలా, ఫ్లేమిన్ హాట్ చీటోస్ ఉన్నాయి. కెనడావాళ్ళది ఉప్పు, పులుపు, మర్యాద.

వంకర జంతిక, బ్రాంప్టన్
మార్చి 9, ఉదయం 9:12

రీసెస్, ఫ్లేమిన్ హాట్ రెండూ ఇక్కడ దొరుకుతాయి. కాఫీ క్రిస్ప్ మీ దగ్గర దొరుకుతుందా? 2006లో పెట్టి 2009లో తీసేశారు. మూడేళ్ళు భరించలేకపోయారు మీరు.

దొడ్లో మునగచెట్టు, బర్లింగ్టన్, వెర్మాంట్
మార్చి 10, రాత్రి 8:40

దుకాణంలో దొరికే వాటి గురించే అందరూ మాట్లాడుతున్నారు. సంచిలో పెట్టుకుని వంతెన దాటించలేనిది ఒకటి ఉంది, ఇప్పుడు దాని కాలం నడుస్తోంది కాబట్టి చెబుతాను.

మార్చిలో ఇక్కడ రాత్రి గడ్డకడుతుంది, పగలు కరుగుతుంది. ఆ కొన్ని వారాలే మేపుల్ చెట్టు నుంచి నీరు కారుతుంది. కల్లుకు చెట్టు గీసినట్టు ఇక్కడ మానుకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతారు. వచ్చేది నీళ్ళలాగే ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే తీపి ఉందా లేదా అని అనుమానం. సుమారు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం. నిన్న మా పక్క ఊరి రైతు పాకశాలకు వెళ్ళాం. పెద్ద రేకు తొట్టి, కింద కట్టెల మంట, కప్పులోంచి ఆవిరి. మా అమ్మ రెండు నెలల క్రితం వచ్చింది, గుమ్మంలో అడుగు పెట్టగానే "అనకాపల్లి బెల్లం గానుగ దగ్గరికి వచ్చినట్టుందిరా" అంది.

మామూలు సిరప్ 104 డిగ్రీల దగ్గర దించేస్తారు. మంచు మీద పోసేదానికి ఇంకా కాచి 112 దాటనిస్తారు. ఆ రైతు ఉష్ణమాపకం చూస్తున్నాడు. మా అమ్మ చూడలేదు. గరిటెతో ఎత్తి జారవిడుస్తుంటే ధార చూసి, "ఉండపాకం వచ్చింది, దించమను" అంది. నేను అనువాదం చేసేలోపు ఆయనే దించాడు. అరిసెలకు నీళ్ళ పళ్ళెంలో పాకం బొట్టు వేసి చూస్తాం కదా, ఇక్కడ నీళ్ళ బదులు మంచు. తొట్టెలో దిట్టంగా నింపిన మంచు మీద సన్నటి ధారగా పోశాడు. పడ్డచోటే బిగుసుకుని తేనెరంగు నాడాలా అయింది. పుల్లకు చుట్టుకుని తినాలి. జాతరలో మేకుకు తగిలించి లాగిన జీళ్ళ రుచి గుర్తొచ్చింది నాకు, నువ్వులు లేవు అంతే. పళ్ళకు అతుక్కోవడం కూడా అదే తీరు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వెర్మాంట్‌లో దీనితో పాటు ఒక మామూలు డోనట్టు, ఒక దోసకాయ ఊరగాయ ఇస్తారు! వెనిగర్‌లో, సోయికూర వేసి ఊరబెట్టింది. తీపి మొహం మొత్తగానే ఊరగాయ కొరకాలి, మళ్ళీ పాకానికి నోరు సిద్ధం. మా అమ్మ నా వైపు చూసి, "వీళ్ళకు తినడం తెలుసురా" అంది. ఈ దేశం గురించి ఆవిడ అన్న మొదటి మంచి మాట.

చలిచీమ, మాంట్రియల్
మార్చి 10, రాత్రి 9:26

అన్నా, ఊరగాయా! సరిహద్దుకు ఇవతల, మీకు గంటన్నర దూరంలో, ఎవరూ అలా ఇవ్వరు. మా దగ్గర దీన్ని తీర్ అంటారు, లాగడం అనే మాట నుంచి వచ్చింది, మీ జీళ్ళ పోలిక సరిగ్గా సరిపోయింది. ఇక్కడ పాకశాలకు వెళ్ళడమంటే పూట భోజనం. బఠాణీ సూపు, చిక్కుడు గింజలు, గుడ్లు, పంది మాంసం, అన్నిటి మీదా మేపుల్ సిరప్. అన్నీ అయ్యాక బయటికి వచ్చి మంచు మీద తీర్. శాకాహారులు జాగ్రత్త, సూపులో, గింజల్లో కూడా మాంసం వేస్తారు. పోయినేడు మా గదిలో ఉండే తమ్ముడు ఆకలితో వెళ్ళి పాకం ఒక్కటే తిని వచ్చాడు, పదకొండు పుల్లలు.

ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో 70 శాతానికి పైగా మా క్యూబెక్‌దే. ఊరగాయ మాత్రం మీదే, ఒప్పుకుంటున్నాను. ఈ శనివారం డబ్బాలో వేసుకుని వెళ్ళి ప్రయత్నిస్తాను.

కాకినాడ కాజా, ప్రస్తుతం బ్రాంప్టన్
మార్చి 11, ఉదయం 7:10

మాగాయ పట్టుకెళ్ళు బాబూ. దోసకాయతో ఏమవుతుంది.

లెక్కల మాస్టారు, న్యూజెర్సీ
మార్చి 11, మధ్యాహ్నం 1:15

పానీయాల గురించి ఒక్క ముక్క. మౌంటెన్ డ్యూ సీసా రెండు దేశాల్లోనూ ఒకేలా ఉండేది, కానీ 2012 దాకా కెనడా దానిలో కెఫీన్ లేదు. కోలా కాని పానీయాల్లో కెఫీన్ కలపడానికి అక్కడ 2010లో గాని అనుమతి రాలేదు. పరీక్షల ముందు రాత్రి అది తాగి మెలకువగా ఉన్నామనుకున్న టొరంటో విద్యార్థులు నమ్మకం మీదే మెలకువగా ఉన్నారన్నమాట.

అటుకుల పోపు, ఎడిసన్
మార్చి 11, రాత్రి 9:48

మా వదిన ఇంట్లో పాలు ప్లాస్టిక్ సంచుల్లో చూసి మా పిల్లలు నోరు తెరిచారు. ఒంటారియోలో 4 లీటర్ల పెద్ద సంచిలో మూడు చిన్న సంచులు వస్తాయి, ఒక్కొక్కటి కూజాలో నిలబెట్టి మూల కత్తిరించి పోసుకుంటారు. అమెరికావాళ్ళకు ఇదో పెద్ద వింత. పొద్దున్నే గేటుకు తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్లు తెచ్చుకున్న మనకు వింతేముంది?

వంకర జంతిక, బ్రాంప్టన్
మార్చి 12, ఉదయం 8:30

పుల్లట్టు గారూ, వస్తే బీవర్ టెయిల్ కూడా తినిపించండి పిల్లలకు. చేత్తో పొడుగ్గా సాగదీసిన గోధుమ పిండిని నూనెలో వేయించి, పైన దాల్చినచెక్క పొడి, చక్కెర చల్లి ఇస్తారు. 1978 నుంచీ అమ్ముతున్నారు, ఒట్టావాలో గడ్డకట్టిన కాలువ మీద స్కేటింగు చేస్తూ తినడం సంప్రదాయం. దారిలో టిమ్ హార్టన్స్ కాఫీ దుకాణంలో టిమ్‌బిట్స్, అంటే చిన్న డోనట్టు ఉండలు, ఎలాగూ తప్పవు.

మిర్చిబజ్జీ, డాలస్
మార్చి 12, ఉదయం 8:44

అంటే సాగిపోయిన పూరీ, తీపి పునుగు.

వంకర జంతిక, బ్రాంప్టన్
మార్చి 12, ఉదయం 8:46

టిమ్‌బిట్ పునుగు కాదు, పూర్ణం లేని బూరె. తెలియకపోతే ఊరుకోండి.

పుల్లట్టు, బఫెలో
ఏప్రిల్ 22, రాత్రి 10:20

వెళ్ళి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

మాస్టారు గారి కథను పిల్లలకు భోజనాల దగ్గర చెప్పాను. పేరు ఒకటే, కంపెనీలు రెండు అని. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. విని, తమ మధ్య ఒప్పందం చేసుకున్నారు: నది దాటితే పేరు మారుతుంది. వంతెన మధ్యలో రెండు దేశాల జెండాల దగ్గరికి కారు రాగానే మా అమ్మాయి చేతిలోని చక్కెర బిళ్ళలు చూపించి "ఇప్పుడు ఇవి రాకెట్స్" అని ప్రకటించింది. తిరుగు ప్రయాణంలో అదే చోట మళ్ళీ స్మార్టీస్ అయ్యాయి.

అటుకుల పోపు గారూ, గుడ్లు తేలేదు. అక్క ఇంట్లోనే పగలగొట్టి తినేశారు, బొమ్మలు మాత్రం జేబుల్లో వచ్చాయి. కిట్‌క్యాట్ పరీక్ష మేమూ చేశాం. మా అమ్మాయికి అమెరికాదే నచ్చింది, కెనడాది "పాలు తాగినట్టుంది" అంది. మా అక్క ముఖం చూడాలి అప్పుడు. కాఫీ క్రిస్ప్ నాకు బాగా నచ్చింది, పది తెచ్చుకున్నాను, ఎనిమిది దారిలోనే అయిపోయాయి.

కెచప్ చిప్స్ మూడు సంచులు తెచ్చాం. పిల్లలు ముట్టుకోలేదు. నిన్న రాత్రి మా మామగారు పెరుగన్నం తింటూ, ఆవకాయ సీసా ఖాళీ అయిందని తెలిసి, బల్ల మీదున్న ఆ సంచి దగ్గరికి లాక్కున్నారు. ఒక్కొక్క ముద్దకు ఒక్కొక్కటి నంజుకున్నారు. ఏమీ అనలేదు. చేయి కడుక్కుంటూ, మీ అక్క వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వస్తున్నారని అడిగారు.